వంటలకు వరసలు కలిపిన గంగాధరం

గంగాధరానికి వరస తెలియని వంట నోట్లోకి వెళ్లదు. వరస అంటే చుట్టరికం వరసే. మనుషుల్లో మేనమామ, వదిన, వియ్యంకుడు అని ఉంటాయి కదా, అవే. ఎదుట కొత్త వంటకం పెడితే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తాడు. పులుపు ఎవరి పోలిక, చిక్కదనం ఏ వైపు నుంచి వచ్చింది, వాసన ఎవరి ఇంటిది అని ఆరా తీస్తాడు. తన కోరుట్ల వైపు పల్లెలో వండే ఏదో ఒక కూరకో చారుకో అది ఫలానా అవుతుందని తేల్చుకున్నాకే చెయ్యి కడుక్కుంటాడు. అప్పటిదాకా ఆకలితో కళ్లు తిరుగుతున్నా సరే, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా డబ్బా ముందు కూర్చుంటాడు.

ఒమాన్ వచ్చిన కొత్తలో ఖుబూస్ రొట్టె ముందు ఇలాగే మూడు రోజులు కూర్చున్నాడని, అప్పటి నుంచీ ఆయన్ని ఎరిగిన నర్సయ్య చెప్తాడు. నాలుగో రోజు పొద్దున లేచి, "ఇగ తేలింది. గిది మన జొన్నరొట్టెకు తమ్ముడు. పట్నంల సదువుకొని తెల్లగయ్యిండు" అన్నాడట. ఆ పూట తొమ్మిది రొట్టెలు తిన్నాడట. ఇది జరిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడాయన ఘాలాలోని కంపెనీలో షట్టరింగ్ మేస్త్రి. యాభై దాటాయి. వరసల జబ్బు తగ్గకపోగా ముదిరింది.

మనుషుల్నీ వదలడు. క్యాంపుకు బాస్‌గా వచ్చిన ఇనాయత్ పాకిస్తానీ. పంజాబు వైపు వాడు. మొదటి రోజే వాళ్లింట్లో బర్రెలున్నాయా అని అడిగి, ఉన్నాయనగానే, మా ఇంట్లోనూ ఉన్నాయి కాబట్టి మనిద్దరం సడ్డకులమని చేతిలో చెయ్యేసి కూర్చున్నాడు. సడ్డకుడంటే తోడల్లుడని ఇనాయత్‌కు ఎవరో హిందీలో విడమరిచి చెప్పారు. ఇనాయత్ చాలాసేపు ఆలోచించి, సరే పోనీ అన్నాడు.

ఈ గంగాధరం పక్క మంచమే జితేందర్‌ది. జగిత్యాల పోరడు, ఎలక్ట్రీషియన్, ఇరవై ఏడేళ్లు, ఇంటర్ పాసు. లీవ్ కాగితం నుంచి బ్యాంకు ఫారం దాకా క్యాంపులో అందరికీ రాసిపెట్టేది అతనే. గంగాధరాన్ని 'కాక' అని పిలుస్తాడు. తాను అతనికి చిన్నాయన ఎలా అవుతాడో గంగాధరం మొదటి రాత్రే లెక్క కట్టి ఒప్పించాడు. ఒప్పుకోకపోతే నిద్రపోనిచ్చేలా లేడని జితేందర్ ఒప్పుకున్నాడు. ఏ రోగానికైనా మందుంటుంది గానీ మా కాక రోగానికి లేదు అనేవాడు.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో క్యాంపు మెస్ మూతపడింది. వంటమనిషి బాషా వీసా కాన్సిల్ చేయించుకుని కడపకు వెళ్లిపోయాడు. క్యాంపు వెనక వీధిలో, టైర్ల షాపు పక్కన, లోర్నా అని ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ హోటల్ నడిపేది. అక్కడ తినే ఫిలిప్పీనో వాళ్లందరూ ఒకే గోడౌన్‌లో పనిచేసేవాళ్లు. ఆ గోడౌన్ కంపెనీ ఎక్కడో దూరాన ఉన్న రైసూత్‌కు మారిపోయింది. ఇక్కడ నలభై మందికి వండేవాళ్లు లేరు, లోర్నా వండితే తినేవాళ్లు లేరు. ఇనాయత్ రెంటినీ కలిపాడు.

"ఒక నెల తిని చూడండి. బీఫ్ వద్దన్నాను. కోడి, చేప, గుడ్డు, కూరగాయలు. నెలాఖరుకు నలభైలో సగానికి పైన వద్దంటే వేరే మెస్ చూద్దాం" అన్నాడు.

క్యాంపు డబ్బాలు కూడా పోతే లోర్నా షట్టరు దించి దేశం వెళ్లిపోవడమే. ఆ సంగతి అందరికీ తెలుసు. మనసుకు తెలుసు గానీ, నాలుకకు తెలియాలి కదా.

మొదటి రోజు మధ్యాహ్నం సైటుకు నలభై డబ్బాలొచ్చాయి. మూతల మీద నంబర్లు. తెరిస్తే తెల్లని అన్నం, పక్కన పల్చని పులుసు. అందులో ముల్లంగి తేలుతోంది, బెండకాయ తేలుతోంది, చేప ముక్క సిగ్గుపడి అడుగున కూర్చుంది. ఎంత వెతికినా ఎర్రరంగు లేదు. వంటకం పేరు సినిగాంగ్ అన్నాడు బండి డ్రైవరు.

"చాపలు కడిగిన నీళ్లు గూడ పంపిన్రు, మరి కూరేది?" అన్నాడు నర్సయ్య.

ఆ రోజు ఎవరూ తినలేదు. గంగాధరం కూడా తినలేదు. ఆయన కారణం వేరు. వరస అందలేదు. సాయంత్రం, నిండుగా ఉన్న నలభై డబ్బాలు బండిలో తిరిగి వెళ్తుంటే, "నేను గూడ వస్త. దాని పుట్టుక అడిగొస్త" అని ఎక్కి కూర్చున్నాడు. తిరిగొచ్చాక మంచం మీద బోర్లా పడుకుని, వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు.

రెండు రోజులు అలాగే గడిచాయి. అందరూ బిస్కెట్లు, పెప్సీతో డ్యూటీ చేశారు. మూడో రోజు జితేందర్ మెస్ మార్చమని అప్లికేషన్ రాశాడు. ఇంగ్లీషులో రాశాడు. చాలా రాశాడు. అతను ఎన్నో కాగితాలు రాశాడు గానీ దేనికీ ఇంత కుదిరిన వాక్యాలు పడలేదు. మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయాడు. కింద మొదటి పేరు తనది. తర్వాత ముప్పై ఎనిమిది మంది సంతకాలు, వేలిముద్రలు. పెట్టనిది గంగాధరం ఒక్కడే.

"ఎందుకు పెట్టవ్, కాకా? నువ్వు గూడ తింటలేవు గద!"

"నేను వరస దొరక్క తింటలేను. మీరు తిండి దొరికి తింటలేరు. రెండు ఒక్కటేనా?"

నాలుగో రోజు మళ్లీ సినిగాంగే వచ్చింది. గంగాధరం సిమెంటు బస్తా మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అరె, ఇనుండ్రి. తేలింది. గిది మన చాపల పులుసుకు సొంత చెల్లె. పులుపు సూడుండ్రి, చింతపండు. అదే నెత్తురు. సముద్రాలవతలికి ఇచ్చిన్రు. పొయ్యేటప్పుడు తొందరల కారం పుట్టింట్ల మరిచిపోయింది. గంతే. కారం మరిచిపోయిందని ఇంటి ఆడబిడ్డను గుమ్మంలకెల్లి పంపిస్తరా ఎవలన్న?"

ఆయన కూర్చుని, అన్నంలో పులుసు పోసుకుని తినడం మొదలుపెట్టాడు. నర్సయ్య ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. సంచిలో నుంచి పచ్చిమిరపకాయ తీసి కొరికి, "పులుపైతే మనదే" అని ఒప్పుకున్నాడు. సాయంత్రం జితేందర్ దగ్గరికొచ్చి తన వేలిముద్ర తనకు ఇచ్చెయ్యమన్నాడు.

"వేలిముద్ర ఎట్లిస్త? అంటుకున్నది గద!"

"అయితే దాని మీద గీత కొట్టు. నేను సూస్త."

జితేందర్ గీత కొట్టాడు. నర్సయ్య అది నిలువునా కాదు, అడ్డంగా కూడా ఉండాలని దగ్గరుండి ఇంటూ పెట్టించాడు.

అక్కడి నుంచి గంగాధరానికి పట్టపగ్గాల్లేవు. ప్రతి సాయంత్రం డబ్బాల బండెక్కి వెళ్లడం, రేపేమిటని కనుక్కోవడం, రాత్రంతా వంశవృక్షం గీయడం, మధ్యాహ్నం బస్తా ఎక్కడం. సిర్కా అనే వెనిగర్లో, సోయా సాసులో ఉడికించిన కోడి వచ్చింది. అడోబో అట. మామిడికాయ తొక్కుకూ కోడికూరకూ పుట్టిన పోరడన్నాడు. పులుపు తల్లిది, కండ తండ్రిది. పన్సిత్ అని సన్న సేవుల వంటకం వచ్చింది. సేమ్యా ఉప్మాకు మేనబావ, ఎత్తులో తేడాతో పెళ్లి కుదరలేదన్నాడు. పల్లీల గుజ్జులో కూరగాయలు వేసిన కరె కరె వచ్చినప్పుడు బస్తా ఎక్కకుండానే, "గిది పల్లీల పులుసుకు అన్న కొడుకు. ముఖం సూస్తె తెలుస్తలేదా?" అని కసురుకున్నాడు. గుడ్డు కొట్టి వేయించిన కాకరకాయ వచ్చిన రోజున, "గిది సుట్టం గాదు, మనమే" అన్నాడు.

వినడానికి పిచ్చిగానే ఉంటుంది. కానీ చుట్టమని తెలిశాక ముఖం తిప్పుకోవడం మనవాళ్లకు చేతకాదు. ఒక్కొక్కడే డబ్బా ఖాళీ చేస్తున్నాడు. చుట్టాలింటికి ఎంగిలి డబ్బా పంపకూడదని, ఖాళీ చేసినవాళ్లను గంగాధరం కుళాయి దగ్గరికి తరిమి, డబ్బా కడిగిస్తున్నాడు. జితేందర్ కాగితం మీద ఇంటూలు పెరుగుతున్నాయి.

జితేందర్‌కు ఒళ్లు మండింది. రువీలో హైదరాబాద్ మెస్ ఒకటుంది. వాళ్ల కోడికూర తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. ఆ మెస్సును క్యాంపుకు తెప్పించాలని అతని ఆశ.

"నోరు సచ్చిపోతున్నది, కాకా. తిండి తిన్నట్టే లేదు."

"డబ్బా ఖాళీ అయింది గద?"

"కోపంల తిన్న."

"మంచిదే. రోజు కోపం జేసుకో."

మధ్యలో బగూంగ్ వచ్చింది. ఉప్పులో ఊరబెట్టి పులియబెట్టిన రొయ్యల ముద్ద. మూత తీయగానే పక్క సైటు వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. జితేందర్ సంబరానికి అంతులేదు. ఇప్పుడేం చెప్తాడో చూద్దామని చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. గంగాధరం ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా తెరిచాడు.

"అంగట్ల అమ్మే ఎండురొయ్యలు ఎర్కనా? దానికి మేనమామ. తాగుతడు. ప్రతి ఇంట్ల ఒకడుంటడు గసొంటోడు. వాసనొస్తదని పెండ్లికి పిలువమా? పిలుస్తం. మూలకు కూసోబెడతం. జెరంతనే పలకరిస్తం."

అందరూ జెరంతనే పలకరించారు. అన్నానికి ఆవగింజంత అద్దుకుంటే బాగానే ఉందన్నారు. ఆ రోజు మూడు ఇంటూలు.

నెలాఖరుకు ముందు శుక్రవారం వచ్చింది. సెలవు రోజు. లోర్నా ప్రత్యేకంగా పొద్దున్నే టిఫిను పంపింది. చంపొరాడో. అంటే చాక్లెట్ వేసి, చక్కెర వేసి వండిన అన్నం. నల్లగా, జావలా, తియ్యగా ఉంది. దాని మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క వేయించిన ఎండుచేప.

మిగతా ముప్పై తొమ్మిది మందీ గంగాధరం ముఖం వైపు చూశారు. ఆయన డబ్బా వైపు చూశాడు. అన్నం వేలితో ముట్టి నాకాడు. చేపను పక్కకు తీశాడు, మళ్లీ మీద పెట్టాడు. పావుగంటయింది. నుదుటి మీద చెమట పట్టింది. అన్నం చల్లారింది. పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన ఓడిపోవడం చూడబోతున్నామని అందరికీ అర్థమైంది. జితేందర్ కలం మూత తీసి, ఇంటూ కొట్టిన పేర్లు మళ్లీ ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాడు.

గంగాధరం గట్టిగా నిట్టూర్చాడు.

"పాయసం మనదే. ఎండుచాప మనదే. ఇద్దరు ఒక్క ఊరోళ్లే. మనకు చెప్పకుంట లేచిపోయి పెండ్లి చేసుకున్నరు. నాకు గూడ ఇష్టం లేదు. కని ఇప్పుడు జేసేదేముంది? అక్షింతలేసుడే."

చెప్పి, చేప విరిచి పాయసంలో ముంచుకుని తిన్నాడు. తింటుంటే ఆయన ముఖం కూతురి పెళ్లిలో నవ్వుతూ తిరిగే తండ్రి ముఖంలా ఉంది. నవ్వుతూనే సగం మంది తిన్నారు. మిగతా సగం చేప మాత్రం తిని, పాయసం పక్కన పెట్టి, ఈ పెళ్లి ఎన్నాళ్లో నిలవదన్నారు.

నెలాఖరు రోజు సాయంత్రం జితేందర్ మంచం మీద కూర్చుని పేర్లు లెక్కపెట్టాడు. ఇంటూలు పోగా ఇరవై ఒకటి. సగానికి పైన. సరిగ్గా ఒక్కటి పైన. రోజూ డబ్బాలు నాకుతున్నవాళ్ల పేర్లు కూడా ఆ ఇరవై ఒకటిలో ఉన్నాయి. తినడం వేరు, సంతకం వేరు. కారం మీద మమకారం అలాంటిది. ఏమైతేనేం, గెలిచాడు. ఇనాయత్ సాయంత్రం లోర్నా హోటల్లో టీ తాగుతాడని తెలిసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్కడికే వెళ్లాడు.

ఇనాయత్ ఇంకా రాలేదు. హోటల్లో ఎనిమిది బల్లలు, ఎనిమిదీ ఖాళీ. లోర్నా నలభై ఐదేళ్ల పొట్టి మనిషి. అతన్ని చూడగానే ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అడక్కుండానే టీ పెట్టింది. ఎదుట నిలబడి, వచ్చిన గల్ఫ్ హిందీలో మొహమాటంగా అడిగింది.

"భాయ్, నీది ఇరవై మూడో నంబరు డబ్బా కదా?"

"అవును."

"నేనేం తప్పు చేశాను, భాయ్?"

జేబులో కాగితం సంగతి ఈమెకెలా తెలిసిందా అని జితేందర్ చెయ్యి అటు పోయింది.

"మొదటి వారం ఎంత బాగుండేది!" అంది లోర్నా. "మొదటి రోజు నలభై డబ్బాలూ నిండుగా తిరిగొచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. నా వంట ఎవరికీ నచ్చలేదనుకున్నా. అప్పుడు గంగా భాయ్ చెప్పాడు. మీ దేశంలో వండినవాళ్ల మీద గౌరవముంటే అన్నం మిగిల్చి పంపుతారట కదా. ఎంత మిగిలిస్తే అంత గౌరవమట. ముట్టకుండా పంపితే దేవుడికి పెట్టినంత మర్యాదట. నాకు తెలియదు కదా! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మా అక్కకు ఫోన్ చేసి కూడా చెప్పాను."

జితేందర్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"తర్వాత తర్వాత డబ్బాలు ఖాళీగా రావడం మొదలైంది. ఒక్క మెతుకు లేదు. కొందరైతే కడిగి మరీ పంపుతున్నారు! గంగా భాయ్‌ని అడిగితే, ఎండలు కదా, అందరూ చిరాకుగా ఉన్నారంటాడు. భాయ్, నీ డబ్బా అందరికంటే నున్నగా వస్తోంది. మూత లోపల అంటిన పులుసు కూడా ఉండదు. ఇరవై మూడు నంబరు చూస్తేనే భయమేస్తోంది. అందరికంటే నీకే నా మీద ఎక్కువ కోపం. ఉప్పు తగ్గించాలా? ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను. ఈ రోజు నెలాఖరు."

తన డబ్బా నున్నగా వెళ్తున్నమాట జితేందర్‌కు తెలుసు. ఎవరో లెక్క చూస్తున్నారని మాత్రం తెలియదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. రువీ కోడికూర తిన్నప్పుడు కూడా అంత ఎర్రబడలేదు. నిజం చెప్దామని నోరు తెరిచాడు. నిజం ఏ చివర్నుంచి మొదలుపెట్టినా మొదటి రోజు నలభై డబ్బాల దగ్గరికే పోతోంది. నోరు మూసి, మళ్లీ తెరిచాడు.

"కోపం కాదు, దీదీ. మొదట్లో నువ్వు కొత్తదానివి. అందుకని మర్యాద చేశాం. ఇప్పుడు మా ఇంటిదానివైపోయావు. ఇంటివాళ్ల దగ్గర మర్యాదేముంటుంది? ఉన్నదంతా ఊడ్చుకుని తినేస్తాం."

"డబ్బా కడగడం?"

"అదీ అంతే. సొంత ఇంట్లో అయితే కడగమూ?"

లోర్నా నమ్మలేనట్టు చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, వాళ్ల భాషలో ఏదో గట్టిగా కేక పెట్టింది. లోపలి నుంచి వంట మనిషి ఇంకా గట్టిగా జవాబిచ్చింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. టీలోకి తినమని కొబ్బరి వేసిన బియ్యప్పిండి రొట్టె రెండు ముక్కలు తెచ్చి పెట్టి, తినేదాకా కదలనని నిలబడింది. జితేందర్ పళ్లెం ఖాళీ చేశాడు. ఆమె పళ్లెం వైపు చూసి తృప్తిగా లోపలికి పోయింది.

అంతలో ఇనాయత్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "ఏదీ, మీ కాగితం? ఎంత మంది?"

జితేందర్ జేబులోంచి కాగితం తీశాడు. అంత అందంగా కుదిరిన ఇంగ్లీషును చివరిసారి పైనుంచి కింది దాకా చదువుకున్నాడు. తర్వాత కలం తీసి, మొదటి పేరు మీద అడ్డంగా, నిలువుగా గీసి, కాగితం బల్ల మీద పెట్టాడు.

ఇనాయత్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "ఇరవై. ఒకటి తక్కువైందే!"

"అవును, తక్కువైంది."

"అయితే ఇక ఈమే వండుతుంది" అని ఇనాయత్ కాగితం నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపి, టీ తెమ్మన్నాడు.

బయటికొస్తే డబ్బాల బండి అప్పుడే వచ్చి ఆగింది. గంగాధరం ఖాళీ డబ్బాలు దింపుతున్నాడు. జితేందర్ మాట్లాడకుండా రెండో వైపు పట్టాడు. అన్నీ లోపల పెట్టి, క్యాంపు వైపు నడుస్తూ అడిగాడు.

"మిగిలిచ్చుడు మర్యాదనా, కాకా? ఏ ఊర్ల?"

గంగాధరం దొరికిపోయినట్టేమీ కనిపించలేదు. "మొదటి దినం నేను పోయేసరికి, ఆమె నలభై డబ్బాల మూతలు ఒక్కొక్కటి తీసి సూసుకుంట నిలబడ్డది. ముప్పై దాక సూసింది. ఇంక పది ఉన్నయ్. ఏదో ఒకటి అనాలె గద. నోటికి గదే వచ్చింది."

"మరి వరసలు?"

"మీరెన్ని దినాలు మర్యాద జేస్తరు, బిస్కెట్లు తిని? తినెటట్టు జెయ్యాలె గద."

"అంటే ఆ వరసలన్ని అబద్ధమేనా? సినిగాంగు చెల్లె గాదా?"

గంగాధరం నడక ఆపి, నిజంగా నొచ్చుకున్నాడు. "అబద్ధమెందుకయితది? అది చెల్లెనే. నేను మూడు దినాలు ఉపాసముండి తేల్చిన. ఇంతకు ఆమెకేమని జెప్పినవ్?"

"మా ఇంటిదానివైనవ్, గందుకే అంత తింటున్నమని జెప్పిన."

"ఇంటిదంటే? ఏ వరస?"

"వరస గిరస ఏం లేదు. ఊరికె అన్న."

"గట్లెట్ల, ఊరికె ఇంటిదెట్లయితది? రేపు 'నేను మీకేమైత' అని అడిగితె ఏం జెప్తవ్?"

"చిన్నమ్మ అంట తియ్యి."

"ఆగు. నన్ను కాక అంటున్నవ్. ఆమెను చిన్నమ్మ అంటవ్. మరి ఆమె నాకేమైతది? ఈ ముచ్చట కోరుట్ల దాక పోతె మా ఇంటిది నన్ను బతకనిస్తదా?"

జితేందర్‌కు నవ్వాగలేదు. గంగాధరానికి నవ్వు రాలేదు. అక్క అంటే వయసు కుదరదన్నాడు. వదినె అంటే జితేందర్‌కు లేని అన్నను తేవాలన్నాడు. క్యాంపు గేటు దాకా వచ్చి, వాచ్‌మన్ సలాముకు జవాబు కూడా చెప్పకుండా వేళ్లు మడుచుకుంటూ నిలబడి, చివరికి తల ఎత్తాడు.

"మేనత్త. నీకు మేనత్త. నాకు చెల్లె. మా ఇంట్ల అందరం మొగోళ్లమే, చెల్లె లేదు. సరిపోయింది."

"సరే, మేనత్తనే" అన్నాడు జితేందర్. గేటు దాటి నాలుగడుగులు వేశాక, ఏమీ పట్టనట్టు అడిగాడు. "ఇంతకు మేనత్త రేపేం వండుతదట?"